అందినది

నవంబరు 9, సోమవారం

నువ్వు పిరికివాడివి. ఈ నోటుబుక్కు నీ చేతికెలా వచ్చిందో నాకు తెలియదు. నువ్వు యూనివర్సిటీ లాయరువి కావచ్చు, నా తర్వాత ఈ గదిలో కుర్చీ వేసుకున్న ప్రొఫెసరువి కావచ్చు. ఎవరివైనా ఒకటే. ఇవాళ మధ్యాహ్నం ఇరవైముగ్గురు నల్లపిల్లలు చలిలో పరిపాలనా భవనం మెట్లెక్కుతుంటే కిటికీలోంచి చూసి, తెర దించుకుని, కప్పులో మిగిలిన కాఫీ తాగినవాడివి నువ్వు. కొన్నేళ్ళు పోయాక "మాకూ మనసులో బాధగానే ఉండింది" అని చెప్పుకోబోయేవాడివి కూడా నువ్వే.

ఇక నా మాట రాసుకుంటాను.

జెనీవా టాల్‌బర్ట్ నా చరిత్ర క్లాసులో మూడో ఏడాది పిల్ల. చదువుకుంటూనే లైబ్రరీలో పనిచేస్తుంది. పోయిన గురువారం బండి నిండా పుస్తకాలు వేసుకుని అరల్లో సర్దుతుంటే క్యాంపస్ పోలీసు ఆపి కార్డు చూపించమన్నాడు. కార్డు మెడలోనే వేలాడుతోంది. ఈ టర్ములో ఇది మూడోసారి. "పుస్తకాలెత్తుకెళ్ళేవాళ్ళు వాటిని వరసలో సర్దరు సార్" అందట. వాడు తన చిట్టాలో "సహకరించలేదు" అని రాసుకున్నాడు.

దానిమీద లేచింది ఇదంతా. తొమ్మిది డిమాండ్లు, ఒకే కాగితం, అందరికంటే పైన జెనీవా పేరు. మూడోది మా గురించి. రెండువందల పన్నెండుమంది అధ్యాపకుల్లో నల్లవాళ్ళం నలుగురం. పంతొమ్మిదేళ్ళ కిందట నేను చేరినప్పుడు ఐదుగురం. దీన్ని వార్షిక నివేదికలో "నిలకడైన ప్రగతి" అని అచ్చేస్తారు. అచ్చేసినవాడికి చెయ్యి వణకదు.

పిల్లలు మూడో అంతస్తులో, యూనివర్సిటీ ప్రెసిడెంటు ఫెన్‌విక్ గది ముందు వరండాలో బైఠాయించారు. తొమ్మిదీ ఒప్పుకునేదాకా లేవరు.

నవంబరు 10

ఊరి పత్రికకి వ్యాసం పంపాను. గంటన్నరలో రాసేశాను, ఒక్క కొట్టివేత లేదు. ఈ యూనివర్సిటీకి మా పిల్లలు కరపత్రం మీద నవ్వుతూ కావాలి గాని తరగతిలో చెయ్యెత్తి ప్రశ్న అడుగుతూ అక్కర్లేదని రాశాను. కోపంగా ఉన్నప్పుడు నా అంత బాగా రాసేవాళ్ళు ఈ రాష్ట్రంలో లేరు. ఇది గొప్ప కాదు, నిజం.

నవంబరు 11

వ్యాసం వచ్చింది. జెనీవా వరండాలో నిలబడి దాన్ని గట్టిగా చదివిందట. చప్పట్లు కింది అంతస్తు దాకా వినపడ్డాయని రూఫస్ మేబెరీ చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా ఆ భవనం ఊడ్చేదీ, తలుపులూ తాళాలూ చూసుకునేదీ ఆయనే. మా చర్చిలో నా ముందు బెంచీ.

నవంబరు 12, గురువారం

గెలిచాం.

మూడు గంటలకి ఫెన్‌విక్ పిలిపించాడు. ఐదు గంటల్లోపు వరండా ఖాళీ చెయ్యాలని పిల్లలకి అప్పటికే కాగితం ఇచ్చి ఉన్నారు. దాటితే క్రమశిక్షణ చర్య. మనిషి వణికిపోతున్నాడు. నన్ను "ఎర్నీ" అంటాడు, నేనెప్పుడూ అనమనలేదు. "ఎర్నీ, ఆ పిల్లలు వినేది నీ ఒక్కదాని మాటే" అన్నాడు. అది నిజమే కదా, అందుకే వెళ్ళాను.

వరండాలోకి వెళ్ళి, ప్రెసిడెంటుతో నేను మాట్లాడుతున్నాను, వచ్చేదాకా ఎవరూ కదలొద్దు అన్నాను. జెనీవా గోడ గడియారం చూసింది. "ఐదు దాటితే మేడమ్?" అంది. "నేనున్నాను కదా" అన్నాను. లోపల గంటా ఇరవై నిమిషాలు వాదించాను. గొంతు తగ్గించలేదు. చివరికి ఫెన్‌విక్ డిమాండ్ల కాగితం లాక్కుని, అడుగున ఒక మాట రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు.

బయటికొచ్చి కాగితం పైకెత్తి "సంతకం పెట్టాడు" అన్నాను. అంతే. ఐదూ ఇరవై. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు కావలించుకుని ఏడ్చారు. మెట్లు దిగుతూ పాడారు. నేనూ పాడాను. జెనీవా నా చెయ్యి వదల్లేదు.

నవంబరు 13

ఆరుగురు సహోద్యోగులు అభినందనలు పంపారు. కిటికీ తెరలవాళ్ళే.

నవంబరు 17, మంగళవారం

ఫెన్‌విక్ భోజనానికి పిలిచాడు. కొత్త పదవి ఒకటి సృష్టిస్తున్నారట: వైవిధ్య వ్యవహారాల ఉపాధ్యక్షురాలు. డిసెంబరు ఒకటి నుంచి. పిల్లల నాలుగో డిమాండు అదే కదా, అలాంటి పదవి ఒకటి ఉండాలని. "నువ్వు కాక ఇంకెవరు?" అన్నాడు.

ఒప్పుకోలేదు. ఆలోచిస్తానన్నాను. బయటినుంచి రాళ్ళేస్తే అద్దాలు పగులుతాయి గాని గోడ జరగదు. లోపల ఒక మనిషి ఉండాలి. ఈ మాట నేను నా వ్యాసాల్లోనే ఎన్నోసార్లు రాశాను.

లేదు, వెతికితే ఎక్కడా కనపడలేదు. కానీ రాసినట్టే గుర్తు.

నవంబరు 19, గురువారం

జెనీవా నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. రెండు కాగితాలు బల్లమీద పెట్టింది.

ఒకటి నోటీసు. గడువు దాటాక కూడా వరండా విడవలేదన్న ఆరోపణ. డిసెంబరు మూడున విచారణ. నేరం రుజువైతే యూనివర్సిటీ నుంచి తీసివేత. ఇరవైముగ్గురిలో నోటీసు వచ్చింది ఆమె ఒక్కదానికే, కాగితం మీద మొదటి పేరు కాబట్టి.

రెండోది ఆ డిమాండ్ల కాగితం నకలు. అడుగున ఫెన్‌విక్ రాసిన మాట మీద వేలు పెట్టింది.

"ఇదేంటి మేడమ్?"

"అందినది" అని రాసి ఉంది.

"అందినది అంటే ఒప్పుకున్నట్టా?"

కాదన్నాను. ముట్టిందని మాత్రమే అన్నాను.

"మరి ఆ రోజు మీరు సంతకం పెట్టాడన్నారు."

"పెట్టాడు కదమ్మా."

జెనీవా నకలు మడిచింది. "మా అమ్మ కరెంటు ఆఫీసుకి ఉత్తరం రాస్తే వాళ్ళూ అందినదనే కొడతారు మేడమ్. ఆ తర్వాత కరెంటు పీకేస్తారు" అని, కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను ఆ మాట గమనించలేదు.

నవంబరు 20

గమనించలేదు. ఇరవైముగ్గురు పిల్లలు, తలుపు బయట పోలీసులు, ఆ ఒత్తిడిలో అడుగున రాసిన ఒక్క మాట ఎవరి కంటికి ఆనుతుంది?

నవంబరు 22

ఫెన్‌విక్‌కి ఫోను చేశాను. అరిచాను. పూర్తిగా విన్నాడు, అది వాడు నేర్చిన విద్య. క్రమశిక్షణ సంఘం స్వతంత్రమైనదట, తాను జోక్యం చేసుకుంటే అన్యాయమట. "నువ్వు ఉపాధ్యక్షురాలివయ్యాక ఇలాంటి నియమాలన్నీ సమీక్షించొచ్చు ఎర్నీ" అన్నాడు.

అందులో కొంత అర్థముంది. ఈ ఒక్క పిల్ల కేసు పక్కనపెట్టి చూస్తే రాబోయే పదేళ్ళ పిల్లలు

ఈ వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యను.

నవంబరు 27, శుక్రవారం

నిన్న థాంక్స్‌గివింగ్ పండుగ. ఒక్కదాన్నే. చిలగడదుంప తీపిరొట్టె చేసుకుని సగం పారేశాను.

ఇవాళ పొద్దున జెనీవా తల్లి ఫోను చేసింది. పేరు వీటా. గేరీ ఊళ్ళో సిటీ బస్సు నడుపుతుంది. ఎత్తుకోగానే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చాలా మర్యాదగా మాట్లాడింది, దానికంటే తిట్టడమే నయం.

"ప్రొఫెసర్ గారూ, నిన్న మా పిల్ల ముద్ద ముట్టలేదండి. ఏమైందే అంటే చెప్పదు. చివరికి చెప్పింది. ఐదింటికి లేద్దామనే అనుకున్నారట పిల్లలంతా. మీరు కూర్చోమన్నారట."

అవునన్నాను.

"అయితే ఆ మాట అక్కడ చెప్తారు కదండీ?"

విచారణకి ఇంకా సమయముందనీ, నేను లోపలినుంచి ప్రయత్నిస్తున్నాననీ అన్నాను.

"నేను బస్సు నడుపుతానండి. ఎక్కండి అని నేనే పిలిచి తలుపు వేశాక, మధ్యలో నేను దిగిపోనండి." ఆపైన, "మీకు పిల్లలున్నారా?" అంది.

లేరన్నాను.

"ఉండక్కర్లేదు లెండి, ఊరికే అడిగాను" అని పెట్టేసింది.

నాకు ఆ అర్హత లేదన్నట్టు మాట్లాడటానికి ఈవిడెవరు? పంతొమ్మిదేళ్ళుగా వీళ్ళ పిల్లల కోసం నేను కూర్చున్న కమిటీలెన్ని! అందరికీ నేనే కావాలి. ఎంపిక కమిటీలో ఒక నల్లమొహం కావాలంటే నేను. కొత్త భవనం రిబ్బను కత్తిరిస్తుంటే పక్కన నేను. ఏ పిల్ల ఏడ్చినా నా గదే. నా పుస్తకం ఎనిమిదేళ్ళుగా మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. అది ఎవరైనా అడిగారా?

ఆవిడ దానికి జవాబు అడగలేదు. ఐదింటి సంగతి అడిగింది.

నవంబరు 30, సోమవారం

పొద్దున పరిపాలనా భవనానికి వెళ్ళాను, ఫెన్‌విక్‌ని కలుద్దామని. రెండో అంతస్తులో రూఫస్ స్టూలెక్కి ఒక తలుపుకి బోర్డు బిగిస్తున్నాడు. ఇత్తడి బోర్డు. ఎర్నెస్టీన్ హైటవర్, ఉపాధ్యక్షురాలు.

నన్ను చూసి ఆగాడు. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది.

"ఎప్పుడొచ్చిందిది?" అన్నాను.

"పోయిన బుధవారమే వచ్చింది ప్రొఫెసరమ్మా. రేపటికల్లా తలుపు మీదుండాలన్నారు. మీరు ఒప్పుకున్నారనుకున్నా."

"ఒప్పుకోలేదు."

"అయితే వీళ్ళకి మీకంటే ముందే తెలిసిందన్నమాట."

నవ్వలేదు. స్టూలు దిగి, మెల్లిగా చెప్పాడు. ఆ రోజు ఆయన వరండా చివర తడిగుడ్డతో ఉన్నాడు. నేను పిల్లలతో అన్న ప్రతి మాటా విన్నాడు. విచారణకి వెళ్ళి చెబుదామని కూడా అనుకున్నాడు. "నేను చెప్తే రేపట్నుంచి ఈ తాళాలగుత్తి ఇంకొకడి నడుముకుంటుంది. నాకు రెండేళ్ళుంది పింఛనుకి. మిమ్మల్ని పీకాలంటే ఆ దేవుడు దిగిరావాలి, పర్మనెంటు చేసేశారు కదా. అది మీకెందుకిచ్చారనుకుంటున్నారు, కుర్చీ అరిగేదాకా కూర్చోడానికా?"

నా గదికొచ్చి యూనివర్సిటీ నిబంధనల పుస్తకం తీశాను. క్రమశిక్షణ విచారణ, పద్నాలుగో నిబంధన: పరిపాలనా అధికారులు ప్రెసిడెంటు అనుమతి లేకుండా విద్యార్థి తరఫున సాక్ష్యం చెప్పరాదు. విచారణ మూడో తేదీ. పదవి ఒకటో తేదీ.

పంతొమ్మిదేళ్ళుగా వీళ్ళు ఉచ్చులు ఎలా పన్నుతారో క్లాసులో పాఠం చెప్తున్నాను. తేదీలు జాగ్రత్తగా చూడండి, చరిత్రంతా తేదీల్లోనే దాక్కుంటుంది అని చెప్తాను. పిల్లలు నోట్సు రాసుకుంటారు.

సాయంత్రం నాలుగింటికి ఫెన్‌విక్ కార్యదర్శికి ఉత్తరం ఇచ్చాను. పదవి వద్దు. రెండు వాక్యాలు. వెనక్కి వస్తుంటే రూఫస్ బోర్డు విప్పుతున్నాడు. తలుపుకి నాలుగు కన్నాలు మిగిలాయి.

డిసెంబరు 2, బుధవారం

రేపు చెప్పబోయేది ఇక్కడ ముందు రాయాలి. ఇక్కడ రాయలేకపోతే అక్కడా చెప్పలేను.

నేను పదకొండేళ్ళుగా అధ్యాపకుల సెనేట్‌లో ఉన్నాను. మా సెనేట్‌కి వచ్చే ప్రతి నివేదిక కిందా రెండు మాటల్లో ఏదో ఒకటి రాస్తాం. "ఆమోదించడమైనది" అంటే పని మొదలవుతుంది. "అందినది" అంటే బీరువాలో పెడతాం, తాళం వేస్తాం, చచ్చినా తియ్యం. కొత్త సభ్యులు వచ్చినప్పుడల్లా ఈ తేడా చెప్పేది ఎవరు? నేను. నవ్వుతూ చెప్తాను. "అందినది అంటే అంత్యక్రియలు పూర్తయినట్టు" అంటాను. ప్రతి ఏడాదీ అదే జోకు, ప్రతి ఏడాదీ నవ్వుతారు.

ఫెన్‌విక్ కలం ఆ కాగితం మీద కదులుతుండగానే చూశాను. మొదటి అక్షరం దగ్గరే తెలిసింది. వాడు తలెత్తి నావంక చూశాడు. నాకు తెలిసిందని వాడికి తెలుసు. ఒక్క మాట అనొచ్చు. "ఇది కాదు, రెండోది రాయండి" అనొచ్చు. అప్పటికే ఐదు దాటింది. నాకు ఆకలిగా ఉంది. బయట పిల్లలు నా పేరు పిలుస్తున్నారు. ఆ తలుపు తీసుకుని కాగితంతో బయటికి నడవాలని ఉంది నాకు, వాళ్ళ మొహాలు చూడాలని ఉంది. నడిచాను.

గమనించలేదని రెండుసార్లు రాసుకున్నాను. కొట్టెయ్యను. ఉండనీ.

డిసెంబరు 3, గురువారం

పొడుగాటి బల్లకి అటు ముగ్గురు, ఇటు జెనీవా. పక్కన తల్లి, బస్సు డ్రైవరు యూనిఫాంలోనే వచ్చింది. డ్యూటీ మధ్యలోంచి నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చిందట. నన్ను చూసి తలూపింది.

అధ్యక్షత వహించింది రసాయనశాస్త్రం డీన్. మంచివాడని పేరు. ఐదు దాటినా పిల్లల్ని కదలొద్దన్నది ఎవరని అడిగాడు. నేనన్నాను. ప్రెసిడెంటు తరఫున అన్నారా అని అడిగాడు. ప్రెసిడెంటు నన్ను పంపాడు, నేను వెళ్ళాను, కదలొద్దన్నాను అని చెప్పాను. ఇరవై నిమిషాల ఆలస్యం పూర్తిగా నాది.

అక్కడితో ఆపెయ్యొచ్చు. జెనీవాకి కావలసింది అంతవరకే. కానీ డీన్ ఇంకో ప్రశ్న వేశాడు, నన్ను ఇరికిద్దామనే వేశాడు.

"సంతకం పెట్టారని విద్యార్థులకి చెప్పినప్పుడు, అడుగున ఉన్న మాటకి అర్థం మీకు తెలుసా ప్రొఫెసర్?"

"తెలుసు."

"వాళ్ళకి చెప్పారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"గెలిపించినదాన్ని అనిపించుకోవాలని."

డీన్ కలం కింద పెట్టాడు. జెనీవా నావైపు చూడలేదు. తల్లి చూసింది.

డిసెంబరు 4

తీర్పు వచ్చింది. తీసివెయ్యలేదు. వచ్చే ఆగస్టు దాకా సస్పెన్షన్. కారణం చదివి ఆ కాగితం చింపాలనిపించింది: అధ్యాపకురాలి మాట అధికారిక హామీ కాదు, విద్యార్థిని ఆ తేడా తెలుసుకుని ఉండాల్సింది. చూశావా? నేను అబద్ధమాడితే తెలుసుకోవాల్సిన బాధ్యత ఇరవై ఏళ్ళ పిల్లది. మమ్మల్ని నియమించేటప్పుడు "మీలాంటివాళ్ళు మా పిల్లలకి ఆదర్శం" అంటారు, మా మాట నమ్మిన పిల్లని ఇంటికి పంపించేస్తారు.

మధ్యాహ్నం జెనీవా హాస్టలు ఖాళీ చేస్తుంటే వెళ్ళాను. అట్టపెట్టెలు మొయ్యడానికి చెయ్యి వేశాను. వద్దనలేదు. మూడు పెట్టెలు కారులో పెట్టాక, అప్పీలు రాస్తానన్నాను, నాకు నియమాలు తెలుసు, గట్టిగా రాస్తాను.

"నిన్న నిజం చెప్పారు. థాంక్స్ మేడమ్. అది ఊరికే అనట్లేదు" అంది. "కానీ అప్పీలు నేనే రాసుకుంటా."

"ఒకసారి నాకు చూపిస్తే..."

"వద్దు. మొదటి కాగితం కూడా మీకు చూపించాం కదా. ఎర్ర పెన్నుతో 'చెయ్యాలి' అన్నవన్నీ కొట్టేసి 'చేస్తే బాగుంటుంది' అని రాశారు. మళ్ళీ కూర్చుని అన్నీ వెనక్కి మార్చుకున్నాం." కోపంగా అనలేదు. అలిసిపోయిన గొంతు. "మా డిమాండ్లు దిద్దడం మానండి మేడమ్. పంతొమ్మిదేళ్ళున్నారిక్కడ. మీవేంటో రాయండి ఒకసారి."

కారు వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి ఈ నోటుబుక్కు వెనక్కి తిప్పి చూశాను. బైఠాయింపుకి ముందురోజు, ఆదివారం ఆ పిల్లలు నా ఇంట్లో కూర్చుంటే ఎర్ర పెన్ను తీసిన సంగతి ఎక్కడా రాసుకోలేదు. భాష సరిచేశాననుకున్నాను. దాన్ని సాయం అనుకున్నాను.

డిసెంబరు 5, శనివారం

నాకంటూ ఏం కావాలో రాద్దామని కూర్చుంటే మొదట అన్నీ "దయచేసి" అని మొదలయ్యాయి. మూడు కాగితాలు చింపాను. నాలుగోది ఇది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మూడో అంతస్తు వరండాలో ఫెన్‌విక్ చేతికిస్తాను. ఇచ్చి అక్కడే కూర్చుంటాను.

1. జెనీవా టాల్‌బర్ట్ సస్పెన్షన్ రద్దు చెయ్యాలి. జనవరిలో ఆమె నా క్లాసులో ఉండాలి. నా క్లాసు వద్దంటే ఆమెకి ఇష్టమైన క్లాసులో ఉండాలి.

2. విద్యార్థుల తొమ్మిది డిమాండ్లు, వాళ్ళు రాసిన మాటల్లోనే, సెనేట్‌లో ఓటుకి పెట్టాలి. చేతులెత్తాలి. ఎవరి చెయ్యి లేవలేదో పేర్లు అచ్చెయ్యాలి.

3. క్యాంపస్ పోలీసు కార్డు అడిగిన ప్రతిసారీ అడిగినవాడి పేరు, అడిగిన కారణం రాయాలి. నెలనెలా గోడకి అంటించాలి.

4. పద్నాలుగో నిబంధన తీసెయ్యాలి.

5. వచ్చే ఏడాది ఖాళీ అయ్యే పదకొండు అధ్యాపక స్థానాల్లో ఐదు నల్లవాళ్ళకి ఇవ్వాలి. కమిటీల్లో నల్లమొహం కోసం వాళ్ళని తిప్పకూడదు.

6. నా పేరు ఎర్నెస్టీన్ హైటవర్. అలాగే పిలవాలి.

7. రూఫస్ మేబెరీకి గాని, ఈ భవనంలో పనిచేసే ఇంకెవరికైనా గాని, చూసింది చెప్పినందుకు ఉద్యోగం పోదని రాసివ్వాలి.

8. ఈ వరండా ఐదింటికి ఖాళీ చెయ్యమని చెప్పదలుచుకుంటే నాకు చెప్పాలి. పిల్లలకి కాదు.